పొలముగట్టును సీతాకోకచిలుకయు

సీతాకోకచిలుకను చూడని బాలుడు మన పల్నాటిలో నుండడు. దాచేపల్లి చుట్టునున్న ప్రత్తిచేలలో, మిరపతోటలలో, నాగులేటి యొడ్డున, ఇంటి పెరటిలోని నిమ్మచెట్టుపైన వానిని మనము చూచుచునే యున్నాము. అవి యేమి తిని బ్రతుకునని యడిగినచో ననేకులు “పూలలోని తేనె” యని యొక్క మాటతో ముగింతురు. ఆ యుత్తరము తప్పు కాదు, కాని సగము మాత్రమే. మిగిలిన సగము తెలియనిదే, శ్రావణ భాద్రపదములందు గుంపులుగా నెగురు నీ ప్రాణులు ఫాల్గుణ చైత్రములందు ఏల యరుదగునో, పూలు నిండుగ బూచిన తోటలో సైతము కొన్ని జాతు లేల కానరావో మనకు బోధపడదు. ఆ మిగిలిన సగమును గూర్చియు, దానికిని మన వ్యవసాయమునకును గల సంబంధమును గూర్చియు ఈ వ్యాసమున కొంత వివరింతుము.

తల్లి యాహారము, బిడ్డ యాహారము

సీతాకోకచిలుక జీవితము నాలుగు దశలు గలది: గ్రుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, పిమ్మట ఱెక్కల పురుగు. ఈ నాలుగింటిలో నాహారము గొనునవి రెండు మాత్రమే. ఱెక్కలు వచ్చిన పిమ్మట దానికి నమలు నోరు లేదు. చుట్టచుట్టుకొని యుండు సన్నని గొట్టముతో తేనెను పీల్చును. గడ్డిచామంతియైనను, వేపపూవైనను, రేగుపూవైనను దానికి సమ్మతమే. దాని బిడ్డయగు గొంగళిపురుగునకు తేనెతో పని లేదు. అది యాకు తినును; అదియు ఏ యాకు పడిన ఆ యాకు గాదు. ఒక్కొక్క జాతికి ఒక్క మొక్క గాని, దగ్గఱ చుట్టములైన కొన్ని మొక్కలు గాని నియతములై యున్నవి. ఆ యాకు దొరకనిచో నెంత పచ్చని తోటలో నున్నను అది యాకలితో చచ్చునే గాని వేఱొక యాకుతో కడుపు నింపుకొనజాలదు.

మన పెరళ్ళలో నలుపు పసుపు మచ్చలతో నెగురు నిమ్మ సీతాకోకచిలుకను చూడుడు. దాని గొంగళిపురుగు నిమ్మ, నారింజ, బత్తాయి, కరివేపాకు, మారేడు, వెలగ మొదలగు చెట్ల యాకులను తినును. ఇవన్నియు మన కంటికి వేఱువేఱు చెట్లు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రము వీని నన్నిటిని ఒకే కుటుంబమున చేర్చిరి. ఆకును నలిపి వాసన చూచినవారికి ఆ చుట్టఱికము కొంత తెలియును. తల్లి సీతాకోకచిలుకకు ఆ జ్ఞానము పుట్టుకతోనే కలదు. అది యాకుపై వ్రాలి, ముంగాళ్ళతో తట్టి, ఆ కాళ్ళతోడనే రుచి చూచి, తగినదని నిశ్చయించుకొనిన పిమ్మటనే గ్రుడ్లను విడివిడిగా పెట్టును. బిడ్డ మొదట పిట్టరెట్టవలె కనబడి పక్షులను మోసగించును. పెద్దదైన పిమ్మట ఆకుపచ్చనగును. ముట్టినచో తలవెనుకనుండి కొమ్ములవంటి యవయవమును వెలికి దీసి ఘాటైన వాసన కొట్టును.

కరివేపాకును గూర్చి యిచ్చట నొక మాట చెప్పదగును. మన యింటింట నుండు ఆ మొక్క శాస్త్రీయనామమున జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ అను వైద్యుని పేరు నిలిచియున్నది. ఆయన లినేయస్ పండితుని శిష్యుడు. 18వ శతాబ్దమున తరంగంబాడిలోని డేనిష్ మిషనునకు వైద్యుడుగ వచ్చి, రోగులను చూచుచునే ఈ తీరమునందలి మొక్కలను, పురుగులను సేకరించి యూరపునకు పంపెను. 1785లో కాకినాడ యొద్దనున్న జగన్నాథపురమున మరణించెను. మొక్కను, పురుగును ఒక్క చూపున చూడవలెనని మనకంటె ముందు నేర్చినవారిలో నతడొకడు.

ఇప్పుడు లెక్కకు వత్తము. నిమ్మ సీతాకోకచిలుక గ్రుడ్డు పగులుటకు మూడు మొదలు ఐదు దినములు, గొంగళిపురుగు పెరుగుటకు రెండు మూడు వారములు, ప్యూపాగ నుండుటకు వారము పది దినములు పట్టును. మొత్తముమీద మన యెండలలో నొక తరమునకు సుమారొక నెల. అనగా ఏడాదికి పండ్రెండు తరములు గడువవచ్చును. పండ్రెండు నెలలలో పదునొకండు నెలలు ఆకు సమృద్ధిగ నుండి, ఒక్క నెల బొత్తిగ లేకపోయిన నేమగును? నష్టము పండ్రెండవ వంతే గదా యని తలచుట పొరపాటు. ఆ యొక్క నెలలో పుట్టిన బిడ్డలన్నియు చచ్చినచో ఆ చోట వంశమే తెగును. గొలుసున నొక్క లంకె యూడినను బావిలోని చేద పైకి రాదు. కావున సీతాకోకచిలుకకు ఒక ప్రదేశము మంచిదో కాదో తేల్చునది సమృద్ధిగల భాద్రపదము కాదు, కఱవుగల వైశాఖము. ఈ యొక్క సంగతిని మనసున నుంచుకొని మన పొలముల సంవత్సరమును కార్తెల వెంబడి చూతము.

మృగశిర మొదలు స్వాతి వఱకు

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల ప్రాంతమున ప్రవేశించును. తొలకరి పడినంతనే నల్లరేగడి నేల పచ్చబడ నారంభించును. రైతు ప్రత్తిగింజ నాటు దినములలోనే బీళ్ళయందును, బాటల ప్రక్కలను తంటెపు మొక్కలు, కసింద మొక్కలు దట్టముగ మొలచును. తంగేడు క్రొత్త చిగురు వేయును. ఈ మొక్కల యాకులను తిని ఎమిగ్రెంట్ అను పేరుగల తెల్లని, లేతపచ్చని సీతాకోకచిలుకలు వృద్ధిపొందును. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ వర్గములోని యొక జాతి జీవితమును విశాఖపట్టణమున పరిశీలించి 2004లో కరెంట్ సైన్స్ పత్రికయందు ప్రకటించిరి. నేలకు దగ్గఱగా నెగురు చిన్న పసుపు సీతాకోకచిలుకకు తంటెపు మొక్కయు, కంచెలలోని సీమచింతయు మేత.

పొలములలో కలుపుగ మొలచు పావిలికూరను మన మిండ్లలో పప్పుతో వండుకొందుము. దానినే తిని పెరుగు సీతాకోకచిలుక యొకటి కలదు. అందు మగది నల్లని ఱెక్కలపై తెల్లని గుండ్రని మచ్చలు గలది. ఆడది పూర్తిగ వేఱు రూపమున, జిల్లేటిపై పెరుగు నారింజరంగు సీతాకోకచిలుకను అచ్చముగ పోలియుండును. ఈ పోలికకు కారణము ముందు చెప్పుదుము. కాలువ గట్టునను, వరిమళ్ళ యంచునను ముండ్లతో పెరుగు నీటిగొబ్బిపై నెమలికన్నులవంటి మచ్చలు గల పీకాక్ పాన్సీ పెరుగును. వరియాకు, గడ్డి తిని సందెవేళ మాత్రమే యెగురు గోధుమరంగు జాతి మఱొకటి. కంచెలపై నల్లుకొను జుమికితీగ అమెరికానుండి వచ్చిన మొక్క. మన దేశపు పురుషరత్నమను చిన్న మొక్కను తిని బ్రతుకు ఎఱ్ఱని టానీ కోస్టర్ ఆ పరదేశపు తీగను కూడ తన మేతగా స్వీకరించినది. ఆ రెండు మొక్కలకును దూరపు చుట్టఱికము కలదని యెఱిగినవారికి ఇది వింతగ తోచదు.

మఖ, పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలలో ఆకునకు కొదువ లేదు. ప్రత్తి మొగ్గతొడుగుచుండును, మిరపనారు నాటుచుందురు, గట్లన్నియు మోకాలెత్తు పచ్చికతో నుండును. ఈ దినములలో సీతాకోకచిలుకలు విస్తారముగ నుండుట సహజమే.

విశాఖ మొదలు సంక్రాంతి వఱకు

స్వాతి వానలు వెనుకబడిన పిమ్మట గట్టుమీది లేతమొక్కలు గింజపట్టి యెండనారంభించును. ఈ కాలమున పైరే కొన్ని జాతులకు మేత యగును. కంది, అలసంద, మినుము, పెసర, జనుము పూతకు వచ్చినప్పుడు చిన్న నీలి సీతాకోకచిలుకలు వాని మొగ్గలపై గ్రుడ్లు పెట్టును. గొంగళిపురుగు పూవును, లేతకాయను తొలిచి తినును. దాని దేహమునుండి తీపినీరు స్రవించును గనుక చీమలు దానిని చుట్టుకొని కాచుచుండును. ఈ నీలి జాతివలన అపరాలకు కొంత నష్టము కలదనుట నిజమే. సీతాకోకచిలుకలన్నియు రైతునకు నిరపాయములని చెప్పుట సత్యము కాదు. అట్లే నిమ్మనారు పెంచువారికి నిమ్మ సీతాకోకచిలుక పురుగు శత్రువు.

మిరప, ప్రత్తి చేల చుట్టు కొందఱు రైతులు ఆముదపు మొక్కలను నాటుదురు. పొగాకు లద్దెపురుగు ఆముదపు టాకును మిక్కిలి యిష్టపడును గనుక దాని నచ్చటికి ఆకర్షించి, గ్రుడ్ల సముదాయములను ఏఱివేయుటకు వీలగునని వ్యవసాయశాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని చెప్పిరి. ఆ యాముదపు టాకుపైననే ఇటుకరంగు ఱెక్కలపై సన్నని నల్లగీతలు గల కాస్టర్ సీతాకోకచిలుక కూడ పెరుగును. పైరుకొఱకు చేసిన యొక మంచిపని, ఎవరును తలపెట్టకయే మఱొక ప్రాణికి మేత పెట్టుచున్నది.

మాఘము మొదలు రోహిణి వఱకు

ఇక కష్టకాలము. ప్రత్తికట్టె పీకివేయుదురు, గులాబిరంగు కాయతొలుచు పురుగు మఱుసటి పంటకు మిగులకుండ పంటను సకాలమున ముగించుట యవసరము కూడ. మిరపపండ్లు కోసి కళ్ళములలో ఆరబోయుదురు. కాలువలు కట్టివేయుదురు. నల్లరేగడి నెఱ్ఱెలు వాఱును. మైళ్ళకొలది నేలలో ఒక్క పచ్చని యాకు కానరాదు. అయినను మృగశిర రాగానే సీతాకోకచిలుకలు మరల నెక్కడినుండి వచ్చుచున్నవి?

అవి నాలుగు విధముల గడపును. మొదటిది వేచియుండుట. సందెవేళ నెగురు గోధుమరంగు జాతి వేసవిలో ఎండుటాకు రూపమును ధరించును; వానకాలపు తరమునకు ఱెక్కలపై నుండు కంటిమచ్చలు ఈ తరమున మాయమగును. అది రాలిన యాకులలో కదలక దాగి, గ్రుడ్లు పెట్టుటను వర్షాగమమువఱకు వాయిదా వేయును. పీకాక్ పాన్సీకి కూడ ఇట్టి రెండు వేషములు కలవు. ఒకే జాతి యని తెలియనివారు వీనిని రెండు జాతులని భ్రమపడుట వింత గాదు.

రెండవది వలసపోవుట. ఎమిగ్రెంట్ అను పేరు ఊరక వచ్చినది కాదు. ఆ జాతులును, దూడపాలతీగపై పెరుగు నీలిచారల బ్లూ టైగరును పచ్చదనమును వెదకుకొనుచు దూరదేశములకు గుంపులుగ పోవును.

మూడవది చెట్ల చిగురు నాశ్రయించుట. గడ్డియు గుల్మములును ఎండు దినములలోనే లోతైన వేళ్ళుగల చెట్లు కొన్ని చిగురించును. రావి, కానుగ మాఘ ఫాల్గుణములనుండి క్రొత్తాకు తొడుగును. రేల పూవుతోబాటు చిగురు వేయును. కానుగ చిగురును బాండెడ్ ఆల్ అను వడిగా నెగురు జాతియు, రేలాకును నిమ్మపండు రంగు ఎమిగ్రెంటును తినును. నీరు పోయుచుండు పెరటిలోని కరివేపాకు, నిమ్మ కూడ ఈ దినములలో లేతాకు నిచ్చుచునే యుండును. అంట్లు తోమిన నీటితో పెరిగిన కరివేపచెట్టు వైశాఖమాసమున నొక వంశమును నిలుపుచున్నదని యింటి యిల్లాండ్రు ఎఱుగకపోవచ్చును.

నాల్గవది ఎండకు లొంగని మొక్కను పట్టుకొనియుండుట. అట్టి మొక్కలలో మొదట చెప్పదగినది జిల్లేడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. అట్టి యెండలో సైతము జిల్లేడు పచ్చని యాకులతో, పూలతో నిలుచును. నారింజరంగు ఱెక్కలకు నల్లని యంచు గల ప్లెయిన్ టైగర్ దీనిపై పండ్రెండు నెలలు పెరుగగలదు. జిల్లేటి పాలు విషము. ఆ విషాంశమును గొంగళిపురుగు తన దేహమున నిలువచేసికొనుటచేత పక్షులకు ఆ జాతి అరుచియైనది. ఒకమాఱు కొఱికిన పక్షి ఆ రంగును మఱచిపోదు. పావిలికూరపై పెరుగు ఆడు సీతాకోకచిలుక దీని వేషమును ధరించుటకు కారణ మిదియే. ఎరవు దెచ్చుకొనిన వేషముతో అది ప్రాణము దక్కించుకొనుచున్నది. జిల్లేళ్ళు పోయి అసలు జాతి యరుదైనచో, పక్షులకు ఆ రంగు నేర్పు గురువు లేక, ఆ వేషమునకు విలువయు తగ్గును. ఈ విధముగ నొక మొక్క తనను తినని జాతిని సైతము కాపాడుచున్నది.

గట్టు

పైన జెప్పిన మొక్కల నన్నిటిని మరల నొకమాఱు తలచుకొనుడు: తంటెము, కసింద, తంగేడు, పావిలి, నీటిగొబ్బి, జుమికి, జిల్లేడు, కానుగ, సీమచింత. అపరాలు, వరి, ఆముదము దక్క వీనిలో పైరు లేదు. మన ప్రాంతమున విశేషముగ సాగగు ప్రత్తి, మిరప రెండును సీతాకోకచిలుకల బిడ్డలకు మేతయే కావు. దాచేపల్లి పొలమున వాని సంసారమంతయు గట్టుమీద, కంచెలో, బాటప్రక్కన, కాలువయొడ్డున, బీటిలో, పెరటిలో జరుగుచున్నది. గట్టు ఒక్కటే పంటల నడుమ ఏడాది పొడుగునను దున్నకుండ మిగులు నేల.

ఇందుకు గాడిదగడపాకు మంచి యుదాహరణము. ఇది నల్లరేగడిలో, ప్రత్తిచేల యంచులలో నేలబాఱు చిన్న కలుపుమొక్క. ఈశ్వరితీగకు చుట్టము. నల్లని ఱెక్కలు, ఎఱ్ఱని దేహము గల రెండు అందమైన జాతులు – కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనునవి – ఈశ్వరి కుటుంబపు మొక్కలను తప్ప వేఱొకటి యెఱుగవు. రెండవదానికి లినేయస్ పండితుడు 1758లో ట్రాయ్ యుద్ధమందలి వీరుడైన హెక్టరు పేరు పెట్టెను. వీని దేహమును విషపూరితమే. కరివేపాకుపై పెరుగు కామన్ మోర్మన్ అను జాతిలో కొన్ని యాడువి ఈ రోజ్‌ల రూపమును ధరించి బ్రతుకును. మెట్టపొలములలో ఈ వీరులకు ఆధారము, మన కొడవలికి తగిలినప్పుడు ముక్కు మూసికొను ఆ చిన్న యాకే. (ఈ యాకు నాటువైద్యమున వాడుదురుగాని, ఇందలి ఆమ్లము మూత్రపిండములను చెఱచునని నేటి వైద్యశాస్త్రము నిర్ధారించినది; ఎవరును లోపలికి తీసికొనరాదు.)

గట్టునకు నేడు మూడు విధములైన యాపదలు వచ్చినవి. పూర్వము కూలివారు కొడవలితో గట్టు చెక్కెడువారు. చెక్కిన మొక్క వేరునుండి మరల చిగుర్చెడిది. ఇప్పుడు కూలి ఖర్చు భరింపలేక పలువురు కలుపుమందు చల్లుచున్నారు. అది వేరును సైతము చంపును. రెండవది, పైరుపై చల్లు పురుగుమందు గాలికి గట్టుమీద పడుట. 2002లో మన దేశమున అనుమతి పొందిన బీటీ ప్రత్తిలోని విషము ప్రత్తిని కొఱికిన పురుగునకే తగులును గనుక గట్టుమీది సీతాకోకచిలుకకు అది సూటిగ హాని చేయదు. కాని రసము పీల్చు పురుగులకు మందు చల్లక తప్పుట లేదు. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలపై విరుచుకుపడినప్పుడు రైతులు దిక్కుతోచక మందుపై మందు చల్లిన సంగతి మన యూళ్ళవారందఱు ఎఱిగినదే. మూడవది గట్టునే సన్నగిలజేయుట: నేల విలువ పెరిగినకొలది జేనెడు గట్టు బెత్తెడగుచున్నది.

ఇట్టిది జరిగినచో నేమగునో తెలిసికొనుటకు అమెరికా వైపు చూడవచ్చును. అచ్చట మోనార్క్ అను సీతాకోకచిలుక మన జిల్లేటి జాతికి దాయాది. దాని మేతయగు పాలమొక్క జిల్లేటి కుటుంబమునకు చేరినది. అదియు మొక్కజొన్న, సోయా చేలలో కలుపుగనే పెరిగెడిది. 1996 మొదలు కలుపుమందునకు చావని పైరులు అచ్చట వ్యాపించినవి. చేలలోని పాలమొక్కలు నశించినవి. శీతకాలమున మెక్సికో కొండలలో ఆ సీతాకోకచిలుకలు ఆక్రమించు నడవి 1996–97లో 18 హెక్టారులకు పైగా నుండగా, 2013–14 నాటికి 0.67 హెక్టారునకు తగ్గెను. అడవులు నఱుకుట, వాతావరణపు మార్పులు కూడ ఇందుకు కారణములే. ఏ కారణమున కెంత పాలు చెల్లునని శాస్త్రజ్ఞులలో నిప్పటికిని వాదము కలదు. కాని మేతమొక్క లేని చోట ఆ సీతాకోకచిలుక పుట్టజాలదనుటలో వాదము లేదు.

రైతు పక్షమున నొక ప్రశ్న

ఇచ్చట రైతు న్యాయముగ నిట్లు ప్రశ్నింపవచ్చును: “సీతాకోకచిలుక లేకపోయిన నా మిరప పండదా? గట్టున కలుపు విడిచినచో ఆ గింజ నా చేనిలో పడదా?” మొదటి ప్రశ్నకు సత్యమైన యుత్తరము చెప్పవలెను. మిరప, ప్రత్తి చాలవఱకు తమ పుప్పొడితోనే కాయగలవు. పరాగసంపర్కమున తేనెటీగల సాయము సీతాకోకచిలుకల సాయముకంటె మిన్న. అవి మాయమైన మఱునాడే దిగుబడి తగ్గదు. కాని పైరుపురుగుల గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి వానిని చంపు సన్నని కందిరీగజాతులకు, అక్షింతల పురుగులకు, సాలీళ్ళకు కూడ ఆ గట్టుమీది పూలు, ఆకులే విశ్రాంతిస్థానము. అవి కంటికి కనబడనంత చిన్నవి, లేక కనబడినను పేరు తెలియనివి. సీతాకోకచిలుక యొక్కటే పసివాడును గుర్తింపదగినది. అది యెగురు గట్టు బ్రతికియున్న గట్టు అని తెలిసికొనవచ్చును.

రెండవ ప్రశ్న కూడ సమంజసమైనదే. కలుపునంతటిని విడువుమని మేము చెప్పము. గట్లన్నిటిని ఒకే వారమున చెక్కక, ఒక దిక్కు గట్టు చెక్కినప్పుడు మఱొక దిక్కు గట్టు నుంచి, అది గింజపట్టకమునుపే దాని వంతు చెక్కినచో రైతునకు నష్టము లేదు, పురుగునకు మేత తెగదు. మందు చల్లవలసి వచ్చినప్పుడు గాలి లేని వేళ చల్లినచో మందును ఆదా యగును. బాటప్రక్క జిల్లేడు, కంచెలోని సీమచింత, కాలువయొడ్డున కానుగ ఎవరి పంటకును అడ్డు గావు; వానిని కొట్టకుండుటయే చాలును.

విద్యార్థులు చేయదగినది

1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినది మొదలు పల్నాటి నేల రూపు మాఱినది. 2022లో పల్నాడు వేఱు జిల్లాయైనది. ఇంత మాఱిన నేలపై ఏ మొక్క ఏ మాసమున ఏ పురుగునకు మేత పెట్టుచున్నదో వ్రాసి యుంచుట మన విద్యార్థులకు తగిన పని. ఇందుకు సూక్ష్మదర్శిని యక్కఱలేదు. నోటుపుస్తకము, పెన్సిలు, ఓర్పు చాలును. పురుగు కనబడిన తేదీ, కార్తె, మొక్క పేరు, పురుగు రంగు వ్రాయుడు. పురుగును పెంచదలచినచో అది తినుచుండిన మొక్క యాకునే ప్రతిదినము తాజాగా వేయుడు. వేఱొక యాకు వేసి చంపకుడు. జిల్లేటి పాలు కంట పడకుండ జాగ్రత్తపడుడు. మందు చల్లిన చేనిలో అడుగుపెట్టకుడు.

పాఠశాల యావరణమున పూలకుండలతోబాటు ఒక కరివేపచెట్టును, ఒక కానుగను, ఒక రేలను నాటి, మూలనున్న జిల్లేటిని పీకకయుంచినచో వేసవి నాలుగు నెలలకు అది యొక చిన్న యన్నసత్రమగును. పూలమొక్కలు తల్లికి విందు. ఈ చెట్లు బిడ్డలకు అన్నము. తేనె గల పూలు వెదకుకొనుచు పెద్దది మైలు దూరము పోగలదు గాని, గొంగళిపురుగు తాను పుట్టిన మొక్కను విడిచి ఎంత దూరము పోగలదు?

మన దేశమున 2020 మొదలు సెప్టెంబరు మాసమును సీతాకోకచిలుకల మాసముగ పాటించుచు దేశమంతట ప్రజలు వానిని లెక్కించి వ్రాయుచున్నారు. అది మంచిదే, కాని సెప్టెంబరు సమృద్ధికాలము. ఏప్రిలు, మే నెలల లెక్క అంతకంటె నవసరమైనది. ఆ దినములలో మన విద్యార్థులు సెలవులకు తమ తమ యూళ్ళలో నుందురు. ఉదయమున ఎండ ముదురకముందు ఊరి గట్టువెంబడి ఒక ఫర్లాంగు నడచి, జిల్లేటి యాకు అడుగుభాగమును, కానుగ చిగురును, కరివేపరెమ్మను త్రిప్పి చూచి, కనబడినదానిని, కనబడనిదానిని కూడ వ్రాసికొని వత్తురుగాక. జూన్ నెలలో బడి తెఱచినప్పుడు ఆ పుస్తకములన్నిటిని ఒకచోట పెట్టి చూచినచో, మన చుట్టుపట్ల నే యూరి గొలుసు నిలిచియున్నదో, ఏ యూరిది తెగుచున్నదో తెలియును. తెగుచున్న చోట ఏ మొక్కను నాటవలెనో కూడ అప్పుడే తెలియును. నాటుటకు తొలకరి సిద్ధముగ నుండును.